నాలుగో పోగు

పుణ్యవతి సంచి సర్దుకుంటోంది. బరువైనవి అడుగున ఉండాలి కాబట్టి ముందుగా తన ఎడమ చేతిని భుజం దగ్గర ఊడదీసి, మోచేతి దగ్గర మడిచి, సంచి అడుగున పెడుతుంది. దాని మీద రెండు చీరలు, దువ్వెన, ఎండు నెత్తళ్ల చేపల పొట్లం. భుజం దగ్గర నెత్తురు నాలుగు చుక్కలు కారి, కట్టేసిన కొళాయిలా ఆగిపోతుంది.

"సెయ్యెందుకే సంచిలోన?" అని అడుగుతుంది అక్క దేముడమ్మ.

"విల్లు పట్టీ సెయ్యి కదప్పా ఇది. విల్లే లేనప్పుడు ఊరికినే ఏలాడేసుకుని తిరగడమెందుకు? సంచికైనా బరువుంటాది."

దేముడమ్మ సంచి మూతి తెరిచి పట్టుకుంటుంది.

"ఇయ్యేల నీకు విల్లొస్తాదే పున్నీ."

"కిందటి బుధారం కూడా ఇలగే అన్నావు. తాడొచ్చింది."

"ఒకేల వస్తే?"

"వస్తే సెయ్యి తీసి తగిలించుకుంటాను, సంచి మేకుకి తగిలించీస్తాను. రాకపోతే నాలుగు పది బస్సు."

ఈ మాటలు జరుగుతున్నది పాత చేపల వేలం షెడ్డులో. కొత్త జెట్టీ కట్టాక వేలం అటు వెళ్లిపోయింది. ఇక్కడ చేపలు కోసే సిమెంటు బల్ల, నాలుగు ఇనుప స్తంభాలు, ఒక గోడ గడియారం మిగిలాయి. ప్రతి బుధవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఈ బల్ల చుట్టూ ఆట. ఆట నడిపేది దేముడమ్మ. గుహలో ఏముందో చెప్పేది ఆమె, ఇరవై ముఖాల పాచిక దొర్లించి ఏం జరిగిందో తేల్చేది ఆమె, ఎదురొచ్చే మృగం కూడా ఆమే. మిగిలినవాళ్లకు తలా ఒక వేషం. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే కొర్లయ్య వీరుడు. ఎండుచేపలు అమ్మే నరసాయమ్మ మంత్రగత్తె. పుణ్యవతి విలుకత్తె. ఆటలో దొరికిన సొమ్ము బల్ల మీదికి వచ్చేస్తుంది. దాన్ని ఇంటికి పట్టుకెళ్లవచ్చు.

గొడవంతా ఆ సొమ్ముతోనే. మొదటి గుహలో కొర్లయ్యకు కత్తి దొరికింది, నరసాయమ్మకు నిప్పు కురిపించే ఉంగరం. పుణ్యవతికి కొబ్బరి పీచు తాడు. రెండో గుహలో డాలూ ఇనుప చొక్కా రెండూ కొర్లయ్యకే పోయాయి. పుణ్యవతికి నైలాను తాడు. మూడో గుహలో నరసాయమ్మకు మాట్లాడే పిల్లి పుర్రె వచ్చింది, కొర్లయ్యకు ఇత్తడి బూట్లు వచ్చాయి. పుణ్యవతికి తెల్లటి నూలు తాడు. పాచిక అలా పడింది. దేముడమ్మ అందులో చెయ్యి పెట్టలేదు. "తాడు ఎప్పుడైనా పనికొస్తాదే" అని మాత్రం మూడుసార్లూ అంది.

సొమ్ము సమంగా లేకపోతే బల్ల ఒరుగుతుంది. ఇప్పుడది కొర్లయ్య వైపు ఎంత ఒరిగిందంటే, టీ గ్లాసు ఎవరి ముందు పెట్టినా జారుకుంటూ వెళ్లి అతని చేతిలోనే ఆగుతుంది. అతను తాగేస్తాడు.

"నానేటి సేస్తాను? అదే వచ్చింది," అంటాడు.

పుణ్యవతి వైపు బల్ల పైకి లేస్తోంది, దానితోపాటు పుణ్యవతి కూడా. మూడు వారాలుగా ఆమె చెప్పులు నేలకు ఆనడం లేదు. మొదట జానెడు ఎత్తు, ఇవాళ మూరెడు. తలుపు సందులోంచి గాలి వీస్తే పక్కకు ఊగుతోంది. అందుకని దేముడమ్మ రెండు తాళ్లను చెల్లెలి నడుముకు చుట్టి, మూడో స్తంభానికి వల ముడితో బిగించింది.

"సూసినావా, తాడు పనికొచ్చింది," అంది కట్టాక.

"వచ్చిందప్పా. నన్ను కట్టీడానికి."

పడమటి సముద్రం ఒడ్డున, వీరావల్లో ఇంకో బల్ల ఉందట. అక్కడ విలుకత్తెలకు పాచిక వెయ్యకుండానే విల్లు ఇస్తారట. పుణ్యవతికి ఉత్తరం కూడా వచ్చింది.

"నీ పేరు ఆళ్లకెలగ తెలుసే?" అని దేముడమ్మ అడిగింది.

"నానింకా ఎల్లలేదు కదప్పా, అందుకు రాసినారు. ఎల్లిపోయినాక రాస్తే ఎవులికి అందుతాది?"

దేముడమ్మ బడి మెట్టు ఎక్కలేదు. ఆట పుస్తకం ముందు పెట్టుకుని, ఐసు పెట్టెల మీది అక్షరాలతో ఒక్కొక్కటీ పోల్చి చూసుకుంటూ, నలభై దాటాక చదవడం నేర్చుకుంది. అందులో సొమ్ము పంపకం గురించి ఉన్న పేజీ ఆమె వేలి చెమటకు పలచబడి, అటుపక్కన ఉన్న బొమ్మ కూడా కనిపిస్తుంది. సమంగా అందని మనిషి లేచిపోతుంది అని ఉంది అక్కడ. లేచిపోయిన మనిషి పీట చల్లారదు అని కూడా ఉంది.

గోడ వారగా అలాంటి పీటలు రెండున్నాయి. ఒకటి దేముడమ్మ మొగుడిది. రెండోది నాన్న ఎర్రయ్యది. నాన్న ఈ ఆట ఎప్పుడూ ఆడలేదు, అయినా పీట ఉంది. ఆట మొదలయ్యే ముందు దేముడమ్మ వాటి మీద అరచెయ్యి పెట్టి చూస్తుంది. ఇవాళ కూడా చుర్రుమంటాయి.

ఆమెకు ఇంకో అలవాటు ఉంది. పది నిమిషాలకోసారి పుస్తకంలోంచి తలెత్తి, "ఉన్నారా?" అని అడుగుతుంది.

"ఉన్నామే," అంటారు ముగ్గురూ.

"ఏటే మాటిమాటికీ? ఎక్కడికి పోతామే మేము, సేపలమా?" అంటుంది నరసాయమ్మ. కానీ "ఉన్నామే" అనడం మాత్రం మానదు.

గడియారంలో రెండు గంటలు. దేముడమ్మ పుస్తకం మూస్తుంది.

"గుహ మూతి తెరుసుకున్నాది," అని చెబుతుంది. "లోపట ఉప్పు వాసన. గోడలు ఒల్లంతా సెమట పట్టినట్టున్నాయి."

ఆమె చెబుతున్నకొద్దీ షెడ్డు పొడుగవుతుంది. ఉత్తరం వైపు గోడ వెనక్కి నడిచి, సందు తిరిగి కనిపించకుండా పోతుంది. స్తంభాలు నాలుగు నుంచి నలభై అవుతాయి. పుణ్యవతిని కట్టిన స్తంభం మాత్రం మూడోదిగానే ఉంది.

"కాపలా మృగం ఉన్నాది. సొరసేప మూతి, దున్న మెడ. సొమ్ము దాని పొట్టలోన ఉన్నాది."

"పళ్లెన్ని?" అంటాడు కొర్లయ్య.

"లెక్కెట్టలేదు."

"సెప్పాల మరి. ఆట నడిపీది నువ్వు కదా."

దేముడమ్మ నోట్లో నాలుక తిప్పి లెక్కపెడుతుంది. "అరవై రెండు," అంటుంది. మాట తడబడుతుంది. పళ్లు రెండు వరసలుగా వచ్చేశాయి కాబట్టి పెదాలు మూతపడటం లేదు. జాకెట్టు మెడ దగ్గర పిగిలి, దున్న మెడ బయటికి వస్తుంది.

ముగ్గురూ ఆమె మీద పడతారు. ఆట అంటే అదే.

కొర్లయ్య కత్తి మొదటి దెబ్బకు దేముడమ్మ భుజంలో దిగుతుంది, ఎముక దగ్గర ఆగుతుంది. అతను కాలు ఆమె రొమ్ము మీద ఆనించి కత్తిని వెనక్కి లాగుతాడు. నరసాయమ్మ ఉంగరం తిప్పుతుంది. నిప్పు గొడుగులా విచ్చుకుని దేముడమ్మ వీపు మీద వాలుతుంది. చర్మం బుడగలెత్తి, అట్టు అంచులా మాడి పైకి లేస్తుంది.

"ఒలే దేముడూ, కాల్సిన పండుగప్ప నాగున్నావే," అంటుంది నరసాయమ్మ. "రెండు పచ్చిమిరపకాయలు తేనా?"

"ఉప్పు కూడా తేవే," అంటుంది దేముడమ్మ. మృగం మాట్లాడకూడదని నియమమేమీ లేదు.

పాచిక దొర్లుతుంది. పంతొమ్మిది. మృగం కరవవచ్చు. ఎవరిని, ఎక్కడ అన్నది ఆట నడిపే మనిషి ఇష్టం.

దేముడమ్మ ఆలోచిస్తుంది. ఒకరికి కలపడం తన చేతిలో లేదు, తగ్గించడం ఉంది. కొర్లయ్య బరువు తగ్గితే రెండో వైపు బల్ల కొంత దిగుతుంది, చెల్లెలు కొంత నేలకు వస్తుంది. ఇదే ఆమె లెక్క. ఆమె మూతి చాచి, కొర్లయ్య కుడి చేతిని ఇనుప చొక్కా చెయ్యితో సహా భుజం దాకా నోట్లోకి తీసుకుని నములుతుంది. ఇనుము కటకటమంటుంది, ఎముక అంత చప్పుడు చెయ్యదు. నెత్తురు గడియారం దాకా చిమ్మి, అంకెల్లో అయిదు కనిపించకుండా పోతుంది.

బల్ల నాలుగు వేళ్లు దిగుతుంది. జారుతున్న టీ గ్లాసు సగం దారిలో ఆగుతుంది. దేముడమ్మకు లోపల సంతోషంగా ఉంది.

కొర్లయ్య తన భుజం వైపు చూసుకుంటాడు. "కుడిదా?"

"కుడిదే."

"అన్నం తినీ సెయ్యప్పా అది."

"ఎడమ్తో తిను."

"ఎడమ్తోనా! మాయమ్మ సూస్తే కొట్టీస్తాది."

"మీయమ్మ పోయి పన్నెండేళ్లయింది కదరా."

"అయితే తింటాన్లే," అని కొర్లయ్య ఐసు ముక్క ఒకటి తీసి భుజానికి అదుముకుంటాడు. కత్తిని ఎడమ చేతిలోకి మార్చుకుంటాడు.

ఇప్పుడు పుణ్యవతి వంతు. ఆమె దగ్గర ఉన్నది తెల్లటి నూలు తాడు, ఒక్క చెయ్యి. తాడు ఒక కొసను పళ్లతో పట్టుకుని రెండో కొసను విసురుతుంది. అది దున్న మెడ చుట్టూ రెండు చుట్లు తిరుగుతుంది. పుణ్యవతి మోకాళ్లు అక్క వెన్నుపూసకు ఆనించి వెనక్కి వాలి లాగుతుంది. లాగుతుంటే ఆమె మడమలు నేలకు తగులుతాయి.

దేముడమ్మ కళ్లు గుంటల్లోంచి బయటికి వస్తాయి. చెల్లెలి ఊపిరి చెవి పక్కన వెచ్చగా వినిపిస్తోంది. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద పడుకున్నాక ఇంత దగ్గరగా వినడం ఇదే. తాడు పనికొచ్చింది చూశావా అని చెప్పాలనుకుంటుంది, గొంతులో చోటు లేదు. మెడ ఎముక వెదురు కణుపులా ఫట్‌మంటుంది. మృగం చచ్చిపోతుంది.

"సచ్చిందా?" అంటాడు కొర్లయ్య.

"సచ్చింది. పొట్ట కొయ్యి," అంటుంది దేముడమ్మ.

అతను ఎడమ చేత్తో కోస్తాడు. కత్తి వంకర్లు పోతుంది.

"తిన్నగా కొయ్యరా. కొబ్బరికాయ అనుకున్నావేటి?"

"అలవాటు లేని సెయ్యప్పా. కుడిది నీ నోట్లోనే ఉన్నాది."

పొట్టలోంచి సొమ్ము కారుతుంది. ముందు నల్లటి నెత్తురు, తర్వాత పేగులతో చుట్టుకున్న బంగారు పొలుసులు, మూడు కిరీటాలు, చిన్న పిడిబాకులు, పగడాల దండలు. అన్నిటికంటే ఆఖరున, నెమ్మదిగా, అడ్డం తిరిగి తిరిగి, విల్లు. సొర వెన్నెముకను వంచి చేసిన విల్లు. తెల్లగా ఉంది. నారి లేదు, కానీ నూలు తాడు దానికి సరిగ్గా సరిపోయే పొడవుంది.

పుణ్యవతి సంచి వైపు చూస్తుంది. సంచి అడుగున ఏదో కదులుతుంది.

దేముడమ్మ లేచి కూర్చుని, వలలు కుట్టే సూదితో తన పొట్టను తొమ్మిది ముడులతో కుట్టుకుంటుంది. సముద్రపు నీళ్లతో చేతులు కడుక్కుంటుంది. పళ్లు పదహారు మిగిలాయి, పొద్దున ఉన్నన్నే. తెల్లతాడు మెడ నుంచి విప్పి, దాన్ని కూడా చెల్లెలి నడుముకూ స్తంభానికీ కట్టేస్తుంది. మళ్లీ ఎగరకుండా.

"పాచిక ఎయ్యను," అంటుంది. "పాచికని నమ్మి నలుగురి ముందర మాట పడ్డాను. నాన్న పంచినట్టు పంచుతాను. పోగులేసి."

నాన్న ఎర్రయ్య, ఊరంతా కలిసి ఒడ్డుకు లాగే పెద్దవల చేపను పంచేవాడు. పంపకానికి ఇద్దరు కావాలి. ఒకడు చేపను పోగులు పెడతాడు. రెండోవాడు పోగులకు వీపు తిప్పి, సముద్రం వైపు చూస్తూ కూర్చుంటాడు. పోగులు పెట్టినవాడు వరసలో ఒకదాన్ని చూపించి "ఇదెవరిది?" అంటాడు. కూర్చున్నవాడు ఒక పేరు చెబుతాడు. చూడకుండా చెప్పిన పేరు కాబట్టి ఎవరికీ కోపం రాదు. చెప్పిన పేరు మార్చరు. ఒకసారి ఒకడు మార్చమన్నాడు. ఆ రోజు తెడ్లతో పదకొండు తలలు పగిలాయి. అప్పుడు కూడా ఎర్రయ్య పేరు మార్చలేదు, ఇసక మీద పడిపోయినవాళ్ల పోగుల్ని వాళ్ల ఇళ్లకు పంపించాడు.

ఇంకొకటి ఉంది. వరసలో ఆఖరి పోగు రానివాళ్లది. వేటకు వెళ్లి ఇంకా తిరిగి రాని పడవ వాళ్లది. అన్నిట్లోంచి ఒక్కొక్క చిన్న ముక్క వేసి, పైన గుప్పెడు ఇసక చల్లుతారు. దాన్ని వచ్చినవాళ్లు ముట్టుకోకూడదు. ఎర్రయ్య తన జీవితంలో ఒక్క రోజు కూడా ఆ పోగు పెట్టకుండా పంచలేదు. ఆఖరికి అది ఆయనకే పనికొచ్చింది.

దేముడమ్మ బల్ల మీద పోగులు పెడుతుంది. కుడి చివర, మొదటి పోగులో, విల్లు, దాని మీద ఒక కిరీటం. తర్వాత రెండు పోగులు కిరీటాలూ బంగారు పొలుసులూ పిడిబాకులూ పగడాలూ సమానంగా. ఎడమ చివర, చేతులు తమంతట తాము, నాలుగో పోగు పెడతాయి. ఒక పొలుసు, ఒక పగడం, విరిగిన కిరీటం మొన. గుప్పెడు ఇసక.

"నలుగురున్నారా ఏటి? ఆడీది ముగ్గురం కదే," అంటుంది నరసాయమ్మ.

"రానోళ్ల పోగు. అది లేకండా పంచడం నాకు రాదు."

"సరే, ఇటు రా. పేర్లు నాను సెప్తాను."

"పేర్లూ నానే సెప్తాను."

"పోగులెట్టిన మనిసి పేర్లు సెప్పకూడదే. ఏ పోగులో ఏటున్నాదో నీకు తెలుసు కదా."

"ఆట నడిపీది నాను."

"నడుపు తల్లీ, నడుపు. మీ నాన్న ఉంటే తెడ్డు తీసీవోడు."

దేముడమ్మ పోగులకు వీపు తిప్పి పీట మీద కూర్చుంటుంది. ఎదురుగా సముద్రం, మధ్యాహ్నపు ఎండలో చదునుగా ఉంది. గుండె కుట్ల సందుల్లోంచి బయటికి కనిపిస్తోంది. ఆమె వరసను మనసులో చదువుకుంటుంది. మొదటిది అడగ్గానే పున్నీ. తర్వాత ఇద్దరూ ఎవరైతేనేం. ఆఖరిది రానోళ్లది. నాన్న ఎప్పుడూ కుడి నుంచి అడిగించేవాడు. ఒడ్డున ఎవరడిగినా కుడి చేత్తో, కుడి నుంచే అడుగుతారు.

"కొర్లయ్యా, నువ్వడుగు," అంటుంది.

కొర్లయ్య బల్ల దగ్గరికి వస్తాడు. చూపించడానికి అతనికి ఉన్నది ఎడమ చెయ్యి. ఎడమ చేతికి అందేది ఎడమ చివర.

"ఇదెవరిది?" అంటాడు.

"పున్నీది," అంటుంది దేముడమ్మ, ఊపిరి కూడా తీసుకోకుండా.

వెనక ఎవరో చిన్నగా దగ్గుతారు. ఆమె తిరగదు. తిరగకూడదు.

"ఇదెవరిది?"

"నీదే."

"ఇదెవరిది?"

"నరసాయమ్మది."

కొర్లయ్య వంగి ఎడమ చేతిని కుడి చివర దాకా చాస్తాడు. సముద్రం ఆగుతుంది, ఒక అల సగం లేచి నిలబడిపోతుంది.

"మరి ఇదెవరిది, దేముడప్పా?"

"రానోళ్లది."

ఆమె నవ్వుతూ తిరుగుతుంది. విల్లు తన చోటనే ఉంది, చుట్టూ ఎవరూ లేరు. పుణ్యవతి ఎడమ చివర నిలబడి ఉంది, ఇసక చల్లిన పోగు ముందు.

"ఎడమ్నించి అడిగినావేట్రా?" అంటుంది దేముడమ్మ.

"మరి కుడి సెయ్యి నువ్వే తిన్నావు కదప్పా," అంటాడు కొర్లయ్య. అతని గొంతులో నిష్ఠూరం లేదు.

"తప్పయిపోయింది. మల్లీ అడుగు. మల్లీ సెప్తాను."

నరసాయమ్మ తల అడ్డంగా ఊపుతుంది. పిల్లి పుర్రె కూడా ఆమె ఒళ్లోంచి, "మార్చకూడదు," అంటుంది.

దేముడమ్మ బల్ల మీదికి వంగి విల్లు అందుకుంటుంది, చెల్లెలి చేతిలో పెట్టెయ్యాలని. రానివాళ్ల పోగును వచ్చిన మనిషి ముట్టుకుంటే అది ఊరుకోదు. విల్లు వెన్నుపూసలు విచ్చుకుని ఆమె కుడి చేతి రెండు వేళ్లను మొదలుకంటా కొరికేస్తాయి. వేళ్లు బల్ల మీద పడి, చేపపిల్లల్లా రెండుసార్లు ఎగిరి ఆగుతాయి. దేముడమ్మ మిగిలిన మూడు వేళ్లతో మళ్లీ అందుకుంటుంది. ఇంకొకటి పోతుంది. ఇంకోసారి వంగబోతే నరసాయమ్మ ఆమె జుట్టు పట్టుకుని వెనక్కి లాగి, చెంప మీద ఒక్కటి కొడుతుంది.

"ఉంచుకోవే ఆ రెండు వేళ్లయినా. ముద్ద కలుపుకోవాల కదా."

పుణ్యవతి నాలుగో పోగును పొలుసుతో, పగడంతో, ఇసకతో సహా కొంగులోకి తీసుకుని ముడి వేసుకుంటుంది. ముడి వెయ్యగానే ఆమె పాదాలు పూర్తిగా నేలకు ఆనుతాయి. చెప్పులు చప్పుడు చేస్తాయి. మూడు వారాలుగా వినని చప్పుడు.

"దిగినావే! నేల మీదికి దిగినావు," అంటుంది దేముడమ్మ. "మరింకెందుకు ఎల్లడం?"

"రానోళ్ల పోగు నాకిచ్చినావు కదప్పా. తీసుకున్నాక ఇక్కడే ఉంటే దొంగతనం అయిపోదేటి?"

"నాను నీకోసరమే..."

"నాకు తెలుసు," అంటుంది పుణ్యవతి. ఒక్క చేత్తో అక్క ముఖం మీది మసి తుడుస్తుంది. "కాలినకాడ వెన్న రాసుకో."

సంచి భుజానికి తగిలించుకుని, ఎండలోకి నడుస్తుంది. నడుముకున్న మూడు తాళ్లూ విప్పుకోదు. అవి ఆమె వెనకాల పొడుగవుతూ వెళతాయి, షెడ్డు దాటి, వలలు ఆరేసిన ఇసక దాటి, రోడ్డు దాకా. ఇంత పొడవు తాళ్లు తనకు వచ్చాయని ఆమె ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

బస్సు హారను వినిపిస్తుంది. గడియారంలో నాలుగు దాటి పది నిమిషాలు.

బల్ల సమంగా ఉంది. కొర్లయ్య టీ గ్లాసు ఒక మూల పెడతాడు, అక్కడే ఉంటుంది. ఇంకో మూల పెడతాడు, అక్కడా ఉంటుంది. "మొత్తానికి సరిపోయిందప్పా," అంటాడు.

"ఉన్నారా?" అని అడుగుతుంది దేముడమ్మ.

"ఉన్నామే," అంటారు ఇద్దరు. పుణ్యవతి పీట మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది.

అప్పుడామె స్తంభం దగ్గరికి వెళ్లి, మూడు తాళ్లనూ కలిపి రెండు చేతులతో పట్టుకుంటుంది. తాళ్లు గట్టిగా బిగిసి ఉన్నాయి, అటువైపు బరువుంది. ఆమె లాగుతుంది. నరసాయమ్మ వచ్చి వెనక నిలబడుతుంది, కొర్లయ్య నడుముకు తాడు చుట్టుకుంటాడు. పేటలో వాళ్లు ఒక్కొక్కరే ఇళ్లలోంచి వచ్చి చెయ్యి వేస్తారు. పెద్దవల లాగినట్టే, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఐలేసా అంటూ లాగుతారు.

ముందు రోడ్డు వస్తుంది. తారు తడిగా మడతలు పడుతూ ఇసక మీదికి చేరుతుంది, మధ్యలో తెల్ల గీతతో సహా. మైలురాళ్లు వల పూసల్లా ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. కల్వర్టులు వస్తాయి, టీ కొట్లు వస్తాయి, బెంచీల మీద కూర్చున్నవాళ్లు కాళ్లు పైకి పెట్టుకుని దారి ఇస్తారు. లాగేవాళ్ల అరచేతుల తోలు ఊడి తాళ్లకు అంటుకుంటుంది. వరసలో ముందున్న ఒక ముసలాయన మీద వంతెన పడి, ఆయన కాళ్లు కింద ఉండిపోతాయి. ఆయన కాళ్లు లేకుండానే లాగుతాడు. రోడ్డు కుప్ప షెడ్డు కప్పు దాటి పెరుగుతుంది.

మూడు పగళ్లు లాగుతారు. ఊర్లన్నీ అయిపోయాక, అవతలి సముద్రం అంచు కనిపిస్తుంది, దాని నీళ్లు వేరే రంగులో ఉన్నాయి. అవి వచ్చి ఈ సముద్రాన్ని తాకి, కలవకుండా పక్కన నిలబడతాయి.

"రోడ్డు కూడా పోగులెయ్యాలేటే?" అంటుంది నరసాయమ్మ, రొప్పుతూ.

దేముడమ్మ ఇంకా లాగుతూనే ఉంది. తాళ్ల చివర వస్తోంది. ముడులు మూడూ ఆమె వేసినవే, ఒక్కటీ సడలలేదు. ముడుల్లో ఉన్నది సంచి.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని సంచి విప్పుతుంది. ఎండు నెత్తళ్ల పొట్లం. దువ్వెన. రెండు చీరలు, మడత నలగలేదు. అడుగున చెల్లెలి ఎడమ చెయ్యి, మోచేతి దగ్గర మడిచి. వెచ్చగా ఉంది. వేళ్లు విల్లు పట్టుకోవడానికి సరిపడేంత ముడుచుకుని ఉన్నాయి.

కొర్లయ్య బల్ల మీది విల్లును చీపురుతో నెట్టుకుంటూ తెస్తాడు. చెయ్యి దాన్ని అందుకుంటుంది. రాని మనిషి చెయ్యి కాబట్టి విల్లు కొరకదు. దేముడమ్మ తెల్లతాడు ముడి విప్పి, మిగిలిన వేళ్లతో, పళ్లతో, దాన్ని నారిగా కడుతుంది. చెయ్యి మోచెయ్యి చాచి విల్లును నిలువుగా ఎత్తుతుంది, సముద్రాలు రెండూ కలవని గీత మీద గురి పెడుతుంది, నారి లాగే రెండో చెయ్యి కోసం అలాగే ఆగి ఉంటుంది.

పుణ్యవతి తిరిగి రాలేదు. వెళ్లింది బుధవారం, నాలుగు గంటల పది నిమిషాలకు.